మోటుపల్లి రేవు: శాసనమున, కావ్యమున

తెలుగుదేశపు సముద్రవ్యాపారమును గూర్చి మన ప్రాచీన సాహిత్యము చెప్పునదేమని ప్రశ్నించినచో, సాధారణముగా మొదట ఉదాహరింపబడునవి శ్రీనాథుని హరవిలాసావతారికలోని రెండు పద్యములు. ఒకటి మత్తేభము, రెండవది సీసము. రెడ్డిరాజుల కాలమున అవచి వంశపు వణిజులు ఏయే దేశములనుండి ఏయే వస్తువులు తెప్పించిరో ఆ రెండింటను చెప్పబడినది. కావ్యములను సాంఘిక చరిత్రకు ఆకరములుగ గైకొను మార్గమును మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1948లో వెలువడిన రెడ్డిరాజ్యముల చరిత్రలోను, సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలోను సుస్థిరము గావించిరి. వారికి మనము పడిన ఋణము గొప్పది. అయితే వారి వెనుక నడచిన పరిశోధకులలో ఒక అలవాటు పాతుకొన్నది. పద్యమునుండి వస్తువుల పేర్లు, దేశముల పేర్లు ఏరి ఒక పట్టికగ వ్రాసి, తక్కినదానిని కవిసమయమని విడిచివేయుట ఆ యలవాటు. పద్యము పట్టికగ మారిన క్షణముననే అది పద్యము కాకపోవుచున్నది. అప్పుడు దానినుండి చరిత్ర కూడ సగమే లభించుచున్నది.

ఈ వ్యాసమున మేము చేయదలచిన పని పరిమితమైనది. మోటుపల్లి రేవులో నిలిచిన ఒక శాసనమును, ఆ రేవుగల రాజ్యమున పుట్టిన ఆ రెండు పద్యములను ప్రక్కప్రక్కన నుంచి చదువుట, అటుపిమ్మట ఒక విదేశయాత్రికుని సాక్ష్యముతోను, తరువాతి కాలపు రాజకవి వాక్యముతోను వానిని పోల్చుట. ఈ పరిశీలనవలన తేలునది యిది: హరవిలాసములోని పద్యములు రేవు లెక్కలు కావు, ఊరక చేసిన అలంకారములును కావు. రాజుల దిగ్విజయవర్ణనకు ఏర్పడియున్న స్తుతిస్వరూపమును వణిజుని పరము గావించిన రచనలవి. ఆ మార్పులో నాటి సమాజమును గూర్చిన సత్యము, వస్తువుల పేర్లలో నున్న సత్యముకంటె తక్కువది కాదు.

మోటుపల్లి నేడు బాపట్ల జిల్లా చినగంజాము మండలమున సముద్రతీరమందలి గ్రామము. శాసనములలో దీనికి దేశియుయ్యకొండపట్టణమను పేరును గలదు. దేశదేశముల సంచరించు వణిక్సంఘములకు సంబంధించిన ఆ దేశి శబ్దమే ఈ ఊరు ఎవరివలన పట్టణమైనదో తెలుపుచున్నది. ఇచ్చటి వీరభద్రాలయమున కాకతీయ గణపతిదేవ మహారాజు వేయించిన స్తంభశాసనము కలదు. శక సంవత్సరము 1166, క్రోధి. అనగా క్రీస్తుశకము 1244–45. దీనిని అభయశాసనమని వ్యవహరింతురు. కొంత భాగము సంస్కృతము, సుంకముల వివరము తెలుగు.

ఈ శాసనపు విషయము సుప్రసిద్ధమైనను, దాని వాదక్రమమును మరల నొకసారి గమనింపవలెను. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవుచున్న ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, తమ తీరమునకు కొట్టుకొని వచ్చినప్పుడు పూర్వరాజులు అందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగ గ్రహించుచుండిరని రాజు మొదట నొప్పుకొనుచున్నాడు. సముద్రయానమునకు తెగించినవారు ప్రాణముకంటె ధనమును మిన్నగ నెంచి వచ్చినవారు గావున, వారిపై దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, క్లృప్తశుల్కమును, అనగా ముందుగ నిర్ణయింపబడిన సుంకమును దక్క సర్వమును విడిచితిమని తరువాత ప్రకటించుచున్నాడు. ఆ సుంకము ఎగుమతులకును దిగుమతులకును ముప్పదింట నొకటి. పిమ్మట వస్తువుల వివరము: చందనము, కర్పూరము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, ఏనుగుదంతము, జవ్వాది, కర్పూరతైలము, రాగి, తుత్తునాగము, సీసము, పట్టునూలు, పగడములు, సుగంధద్రవ్యములు, మిరియములు, పట్టువస్త్రములు, వక్కలు. కొన్నింటికి తూనికమీద, కొన్నింటికి వెలమీద, వక్కలకు లెక్కమీద సుంకము విధింపబడినది.

ఈ శాసనమున మూడు విషయములు మా వాదమునకు ముఖ్యములు. మొదటిది, దీనికి మూలము భయము. ఓడ పగులుట సముద్రపు పని. పగిలిన ఓడలోని సరకు పోవుట రాజు పని. వణిజుడు సముద్రమునకు వెఱచినంతగ తీరమునకును వెఱచుచుండెనని రాజశాసనమే సాక్ష్యమిచ్చుచున్నది. రెండవది, ఇందు కర్త రాజు. వణిజుడు దయకు పాత్రుడు. అతని పేరు లేదు, కులము లేదు, దేశము లేదు. ప్రమాదము నెదిరించు సాహసము అతనిదే యైనను, వాక్యమున క్రియ అంతయు రాజుది. మూడవది, ఇందు దయ, కీర్తి, ధర్మము అను మాటల వెంటనే ముప్పదింట నొకటి యను సంఖ్య వచ్చుచున్నది. ఆ సంఖ్యవలననే ఆ దయకు విలువ. ఎంత యిచ్చుకొనవలెనో ముందుగ తెలిసిన వణిజుడు మాత్రమే రేవునకు రాగలడు.

ఈ అభయము ఒక్క రాజు ఔదార్యముతో ముగిసినది కాదు. కాకతీయ రాజ్యము 1323లో పతనమైన పిమ్మట తీరమునకు ప్రభువులైన రెడ్డిరాజులు దీనిని మరల ప్రకటింపవలసి వచ్చినది. అనవోతారెడ్డి 1358లో మోటుపల్లిలో వేయించిన శాసనము వణిజులకు అట్టి హామీలనే యొసగుచున్నది. ఇచ్చట నిలువవచ్చినవారికి భూమి యిచ్చుట, సంతానము లేక మృతినొందినవాని సొత్తును రాజు గ్రహించు ఆచారమును మానుట యందు చెప్పబడినవి. నూఱేండ్ల పైచిలుకు వ్యవధిలో రెండు రాజవంశములు ఒకే రేవులో ఒకే విధమైన వాగ్దానమును రాతిపై చెక్కించుట విచారింపదగినది. రాజ్యము మారినప్పుడెల్ల ఆ నమ్మకమును క్రొత్తగ కట్టవలసియుండెను గాబోలు.

శాసనము పుట్టిన శతాబ్దిలోనే తెలుగు కావ్యమున నౌకాభంగము కథావస్తువైనది. తిక్కనకు అంకితముగ కేతన రచించిన దశకుమారచరిత్రమున మంత్రిపుత్రుడగు రత్నోద్భవుడు వాణిజ్యమునకై కాలయవనద్వీపమునకు పోయి, అచ్చటి వణిజుని కుమార్తెను పెండ్లాడి, తిరిగి వచ్చునప్పుడు ఓడ మునిగి భార్యకు దూరమగును. కథ దండిది. అయినను గణపతిదేవుని సాహాయ్యమున రాజ్యమును తిరిగి పొందిన మనుమసిద్ధి నెల్లూరిలో ఆ కథను తెలుగున వినినవారికి, ఓడ పగులుట కేవలము గ్రంథస్థవిషయముగ తోచియుండదు. ఇచ్చట గమనింపవలసిన భేదమొకటి కలదు. కథలో నౌకాభంగము విధికృతము. విడిపోయినవారు తుదకు కలిసికొందురు. తీరమునకు కొట్టుకొని వచ్చిన సరకు ఎవరిదను ప్రశ్న కథకు అక్కరలేదు. శాసనమునకు అదియే ప్రధానప్రశ్న. సముద్రము కథలో మనుష్యులను విడదీయును. శాసనమున సొత్తును యజమానునినుండి విడదీయును. ఈ రెండును ఒకే శతాబ్దిలో తెలుగుదేశమున ఉండుటచేత, సముద్రభయము కావ్యభాషకు అందనిది కాదని స్పష్టమగుచున్నది. కావున శ్రీనాథుని పద్యములలో ఆ భయము లేకపోవుటకు కారణము వేఱుగ వెదకవలెను.

ఇక హరవిలాసము. దీని కృతిభర్త అవచి తిప్పయసెట్టి. కొండవీటి కుమారగిరిరెడ్డి ఏటేట జరిపిన వసంతోత్సవములకు సుగంధద్రవ్యములను సమకూర్చిన వణిజుడు. ఆ రాజునకు కర్పూరవసంతరాయ బిరుదు కలదు. తిప్పయసెట్టి కవిని బాలసఖునిగ సంబోధించి, తన పేర శైవప్రబంధ మొకటి అంకితము గావింపుమని కోరినట్లు అవతారికలో నున్నది. రాజులకు, మంత్రులకు, దండనాథులకు కృతులు అంకితమగుచున్న కాలమున ఒక వణిజునకు అంకితమగుట అరుదైన విషయము. అట్టి కృతిపతిని స్తుతింపవలసి వచ్చిన కవికి ఒక చిక్కు ఎదురైనది. రాజును స్తుతించుటకు విజయములు కలవు. మంత్రిని స్తుతించుటకు నీతి, విద్య, అగ్రహారదానములు కలవు. వణిజుని స్తుతించుటకు అతని వృత్తినే స్తుతింపవలెను. క్రయవిక్రయములను కావ్యగౌరవముతో చెప్పు పద్ధతి అప్పటికి తెలుగున పండినది కాదు.

శ్రీనాథుడు ఆ చిక్కును విప్పిన విధము ఆ రెండు పద్యములలో నున్నది. మొదటిది మత్తేభము. అందు తవాయి, గోవ, రమణ మొదలగు స్థానముల పేర్లు కలవు. తవాయి బర్మా తీరపు రేవు. రమణమును మోనుల దేశమగు రామఞ్ఞ దేశముగ పండితులు గుర్తించిరి. చందనము, అగరు, కర్పూరము, పన్నీరు, కుంకుమ, కస్తూరి అందలి వస్తువులు. పిమ్మట సముద్రమునకు ఒక్క పదము, వెంటనే ఓడల పేర్లు: కప్పలి, జోంగు, వల్లి, వలిక, సమ్మను. వీనిలో కప్పలి అఱవమువారి కప్పలే. అది మలయాభాషయందును కలదు. జోంగు జావా, మలయా దేశముల పెద్ద ఓడ. సంస్కృతమున ఓడకు పర్యాయపదములకు కొఱత లేదు. అయినను సంస్కృతపాండిత్యమునకు పేరుపడిన ఈ కవి నౌక, పోతము, తరణి అను పదములను కాదని రేవులో వినబడు పేర్లనే మత్తేభమున నిలిపినాడు. కావ్యభాషకు రేవుభాష ఇచ్చిన ఈ పదములకు మా దృష్టిలో వస్తువుల పట్టికకంటె ఎక్కువ విలువ. సరకు పేర్లు ధనికుని భవనమున కూర్చుండి కూడ వినవచ్చును. ఓడల జాతిభేదములు ఆ వృత్తిలోనివారి నోటినుండియే వినవలెను. బాలసఖుడను మాటకు ఇది ఒక చిన్న సాక్ష్యము.

రెండవది సీసము. ఇందు ప్రతి పాదార్ధమున ఒక దేశము, ఒక వస్తువు, చివర తెచ్చి యను క్రియ. పంజారమునుండి కర్పూరపాదపములు, జలనోంగినుండి బంగారుమొలక, సింహళమునుండి ఏనుగులు, హురుమంజినుండి గుఱ్ఱములు, గోవనుండి సంకుమదము, యాంపనుండి ముత్యములు, భోటదేశమునుండి కస్తూరి, చీనినుండి చీనాంబరములు. హురుమంజి పారసీక సింధుశాఖ ముఖమందలి హోర్ముజు. అచ్చటి గుఱ్ఱములు మనదేశపు రాజులు ఎదురుచూచిన సరకు. సింహళపు ఏనుగులును ప్రసిద్ధములే. పంజారమును సుమాత్రా దీవిలో కర్పూరమునకు పేరుగన్న ఫన్సూరుగ గుర్తించుటయు యుక్తముగ నున్నది. ఇంతవఱకు పట్టిక సరిపోవుచున్నది. అయితే భోటదేశము రేవు కాదు. హిమాలయముల కావలి కస్తూరి భూమార్గమున మొదట దిగవలెను. కర్పూరపు వ్యాపారము కర్పూరముతో జరుగును గాని చెట్లతో జరుగదు. బంగారము మొలకగ ఓడ నెక్కదు. ఈ పద్యమును ఓడల సరకుజాబితాగ చదువువారికి ఈ మూడు స్థలములలో తప్పక అభ్యంతరము కలుగును. అప్పుడు వారు దానిని అతిశయోక్తియని దాటిపోవుదురు.

దాటిపోగూడదని మా మనవి. పాదపము, మొలక యను పదములు వసంతోద్యానమునకు చెందినవి. పద్యము తుదకు చేరవలసినది వసంతోత్సవము జరుపు రాజుకడకు. సముద్రముపై వచ్చిన సరకు పద్యములోనికి ప్రవేశించునప్పటికే తోటలోని చెట్టుగ, చిగురుగ మారినది. రేవును ఉద్యానముగ మార్చుట ఈ సీసము చేయు మొదటి పని. శాసనమున రాగి, సీసము, తుత్తునాగము, మిరియములు, వక్కలు కలవు. పద్యద్వయమున వీనిలో నొకటియు లేదు. తూకము వేయదగినవి, వంటింటికిని కంచరివాని కొలిమికిని పోవునవి తొలగినవి. పూతకును, పరిమళమునకును, ఊరేగింపునకును తగినవి మిగిలినవి. పన్నీరు, చందనము, కర్పూరము రెండింటను కలవు. రెండు జాబితాలు కలియు చోటకంటె కలియని చోటనే కవి యెన్నిక మనకు కనబడును.

రెండవ పని మఱింత ముఖ్యమైనది. దేశముల పేర్లను వరుసగ పేర్కొని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క వస్తువును జతచేయు పద్ధతి కావ్యములలో క్రొత్తది కాదు. రాజు దిక్కులను జయించి కప్పములు గొనునప్పుడు అట్టి వరుస వచ్చును. అందు దేశముల క్రమము దిక్కుల క్రమము. క్రియ గెలుచుట, కొనుట, అణచుట. శ్రీనాథుడు ఆ చట్రమును గైకొని క్రియను మార్చినాడు. గెలిచి యనవలసిన చోట తెచ్చి యనినాడు. దిక్కుల క్రమము పోయినది. సుమాత్రానుండి సింహళమునకు, అచ్చటినుండి హోర్ముజునకు, గోవకు, హిమాలయముల కావలికి, చీనికి పద్యము పోవు తీరు ఏ దండయాత్రకును సరిపోదు. ఇది వస్తువుల వరుస. ఏ దేశమును లొంగలేదు, ఏ రాజును తల వంచలేదు. అయినను ఆ దేశముల మేలిమి యంతయు కొండవీడు చేరినది. దిగ్విజయపటము వ్యాపారపటముగ మారిన స్థలము తెలుగు కవిత్వమున ఇదియని చెప్పుటకు మేము సాహసించుచున్నాము.

ఈ మాట బలపడుటకు పద్యపు అన్వయమును చూడవలెను. సీసపాదములలోని తెచ్చి యను క్రియలన్నిటికిని కర్త వణిజుడే. ఎత్తుగీతిలో రాజు బిరుదులు ఘనముగ వచ్చును. అయితే ఆ బిరుదులన్నియు షష్ఠీసంబంధమున నిలిచి, ఆ రాజునకు ప్రియుడగు హితుడని వణిజునకు విశేషణమగుచున్నవి. చివర నిలుచునది సెట్టి పేరు. శాసనమున రాజు కర్త, వణిజుడు పేరులేని దయాపాత్రము. ఇచ్చట వణిజుడు పేరుగల కర్త, రాజు అతని స్నేహమును తెలుపు విశేషణము. నూటయేబదియేండ్లకు దరిదాపుగ వచ్చిన ఈ వ్యత్యాసమును వస్తువుల పట్టిక చూపజాలదు, అన్వయము చూపును.

ఇందుకు ఒక ఆక్షేపణ రావచ్చును. కృతిభర్తను పొగడుట కవి విధి. ధనమిచ్చినవానిని కర్తగ నిలుపుటలో చరిత్ర యేమున్నదని అడుగవచ్చును. స్తుతి స్తుతియే. అయితే స్తుతి ఏ రూపమును ధరించునో అది కవి యొక్క స్వేచ్ఛకు మాత్రమే లోబడినది కాదు. వినువారు ఒప్పుకొను రూపమును కవి వెదకును. వణిజుని గూర్చి కవి పరాక్రమము చెప్పినచో సభ నవ్వును. దానము మాత్రమే చెప్పినచో అతడు ఏ ధనికునికైనను సమానుడగును. అతని వృత్తినే, దూరదేశమునుండి తెచ్చుటనే, రాజుల దిగ్విజయమునకు సరితూగు ఘనకార్యముగ చెప్పినను చెల్లునని శ్రీనాథుడు తలచినాడు. అది చెల్లినది. ఆ చెల్లుబాటే మాకు చరిత్ర.

కావ్యములోని మొదటి కథయును ఈ దృష్టితో చదువదగినది. అది చిరుతొండనంబి కథ. అరవనాట పెరియపురాణమున ఈ భక్తుడు పల్లవరాజునకు సేనాధిపతియై వాతాపిని సాధించినవాడు. తెలుగు శైవసంప్రదాయమున, పాల్కురికి సోమనాథుని బసవపురాణమునందువలెనే, శ్రీనాథునియందును అతడు కంచిలోని వణిజుడు. ఈ మార్పు శ్రీనాథుడు చేసినది కాదు. వణిజునకు అంకితమిచ్చు కృతికి తొలికథగ ఎన్నుకొనుట అతనిది. కథలోని పరీక్ష ఆతిథ్యమునకు సంబంధించినది. ఎఱుగని అతిథి వచ్చి అడుగరానిది అడుగును; గృహస్థు ఇచ్చిన మాటను కన్నకుమారుని ప్రాణము వెచ్చించి నిలుపుకొనును. శాసనమున మాట నిలుపుకొనవలసినవాడు రాజు, పరదేశి వణిజునిపట్ల. కావ్యమున మాట నిలుపుకొన్నవాడు వణిజుడు, పరదేశి అతిథిపట్ల. ముక్కుమొగము తెలియనివారు నిత్యము దిగు తీరదేశమున నమ్మకమే మూలధనమని రెండును వేర్వేరు భాషలలో చెప్పుచున్నవి. ఇంతకు మించి ఈ పోలికను సాగదీయుట మాకు సమ్మతము కాదు. భక్తికథకు భక్తియే ప్రాణము.

ఇంతవఱకు చూచిన రెండు సాక్ష్యములును ఒక విషయమున మనలను నిరాశ పఱచును. మోటుపల్లినుండి పోవునదేమి? శాసనము ఎగుమతులకును సుంకము విధించినది. పద్యము తెచ్చుటనే యెఱుగును గాని పంపుటను ఎఱుగదు. తెచ్చుటకు ఏదో ఒకటి ఇయ్యవలెను గదా! దీనికి సమాధానము బయటివాడగు మార్కోపోలో గ్రంథమున దొరకును. 13వ శతాబ్ది చివర ఈ తీరమును గూర్చి చెప్పుచు అతడు రాజ్యమునకే ముత్ఫిలియని రేవు పేరు పెట్టినాడు. ఓడపై వచ్చువానికి రేవే రాజ్యము. ఆ దేశపు వజ్రములను, సాలెపురుగు గూడువంటి సన్నని వస్త్రములను అతడు మెచ్చుకొన్నాడు. పరిపాలించు రాణి పూర్వరాజు భార్యయని వ్రాసినాడు. రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తెయని మన శాసనములు తెలుపుచున్నవి. రాజకుటుంబమును గూర్చి పొరపడినవాడు వస్త్రమును గూర్చి పొరపడలేదు. వణిక్కుటుంబమున పుట్టినవాని కన్ను సరకుపై నిలుచుట సహజము.

ఈ మూడు చూపులను కలిపిన గాని రేవు పూర్తి కాదు. శాసనము రెండు వైపులను చూచును, గాని సుంకపు దృష్టితో. యాత్రికుడు పోవు సరకును చూచును. కవి వచ్చు సరకును చూచును. కొండవీటి వసంతోత్సవమున చల్లిన పన్నీటికి ఈ దేశపు సాలెవాని మగ్గము వెల చెల్లించియుండును. ఆ సాలెవాడు శాసనమున లేడు, పద్యమున లేడు. విదేశీయుని గ్రంథమునను అతని వస్త్రమే యున్నది, అతడు లేడు. కవి మౌనమును నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. స్తుతిపద్యమునకు ఎగుమతి అక్కరలేదు. ఆ పద్యమును ఆకరముగ గైకొను పరిశోధకునకు అక్కరయున్నది.

చివరగా ఆముక్తమాల్యద. 1509 మొదలు 1529 వఱకు ఏలిన కృష్ణదేవరాయలు ఆ కావ్యపు చతుర్థాశ్వాసమున యామునాచార్యునిచేత కుమారునకు రాజనీతిని చెప్పించినాడు. అందు రేవులను గూర్చిన మాటలు కలవు. గుఱ్ఱములు, ఏనుగులు, రత్నములు, చందనము, ముత్యములు మొదలగునవి వచ్చునట్లు రాజు రేవులను వృద్ధి గావింపవలెను. గాలివానకో, రోగమునకో, అలసటకో గురియై తీరమున దిగిన పరదేశపు నావికులను వారి వారి జాతికి తగినట్లు ఆదరింపవలెను. దూరద్వీపములనుండి ఏనుగులను, మేలుజాతి గుఱ్ఱములను తెచ్చు వణిజులకు ఊళ్లును, పురమున ఇండ్లును, కొలువున దర్శనమును, తగిన లాభమును కల్పించి తనవారిని చేసికొనవలెను. అట్లయిన ఆ సరకు శత్రువులకు చేరదు.

గణపతిదేవుని శాసనమునకు ఇది సుమారు మూడువందల యేండ్ల తరువాతి మాట. ఓడకు వచ్చు ఆపద రెండింటను కలదు. ఏనుగులు, గుఱ్ఱములు రెండింటను కలవు. శాసనమున పగిలిన ఓడలోని సొత్తును గూర్చి వాగ్దానము. ఇచ్చట దిగిన మనుష్యుని గూర్చి విధి. మేము పరిశీలించిన గ్రంథములలో నావికుడు నావికుడుగ, అలసినవాడుగ, రోగిగ కనబడునది ఇచ్చటనే. అదే సమయమున కర్తృత్వము మరల రాజునకు మరలినది. దయ, కీర్తి, ధర్మము అను మూడు కారణములకు బదులు ఒకే కారణము నిలిచినది: గుఱ్ఱము శత్రువునకు పోరాదు. శ్రీనాథుని వణిజుడు రాజునకు హితుడు. రాయల వణిజుడు రాజు తనవానిని చేసికొనవలసిన సాధనము. శాసనమున అభయము, హరవిలాసమున స్నేహము, ఆముక్తమాల్యదలో లెక్క. మధ్యనున్న స్నేహము కొద్దికాలపుది. అది ఒక కుటుంబమునకు, ఒక ఉత్సవమునకు, ఒక రాజు అభిరుచికి సంబంధించినది. అందుచేతనే దానిని పదిలపఱచిన ఆ రెండు పద్యములు మనకు విలువైనవి.

ఈ పరిశీలననుండి పరిశోధక విద్యార్థులకు మేము చేయు సూచనలు మూడు. కావ్యమును ఆకరముగ గైకొనునప్పుడు నామవాచకములతో ఆగక క్రియను, కర్తను, విభక్తిని చూడవలెను. సమాజమున ఎవరికి ఎంత స్థానమో అవియే ఎక్కువగ తెలుపును. ఒక జాబితా కనబడినప్పుడు అదే విషయమును గూర్చిన మఱియొక జాబితాను వెదకి, కలియని వస్తువులను మొదట విచారింపవలెను. మూడవది, మన కావ్యములలో చెదరియున్న నౌకావాచకములను, సుంకవాచకములను సేకరించి, శాసనములలోని వానితోను, అరవ, మలయా భాషలలోని వానితోను పోల్చి పరిశీలింపవలెను. కప్పలి, జోంగు వంటి పదములు మన నిఘంటువులలో నౌకావిశేషమను రెండు మాటలతో సరిపెట్టబడుట న్యాయము కాదు. అవి ఏ తీరమున పుట్టి ఏ గాలికి మన తీరము చేరినవో చెప్పగలిగిననాడు, రాతిపై నున్న మోటుపల్లికిని పద్యమున నున్న మోటుపల్లికిని నడుమ తెగిన త్రోవ కొంత కలియును.